తోకచుక్క ఎవరి పక్షం?

ఫాంటసీ నవల మొదటి పేజీలోనే ఆకాశంలో ఎర్ర చందమామో, తోక ఉన్న చుక్కో కనిపించిందంటే నాకు సగం ఆసక్తి అక్కడే చచ్చిపోతుంది. ఎక్కడో ఓ గుడిసెలో మగపిల్లాడు పుట్టి ఉంటాడు. కిటికీ దగ్గర గడ్డం ముసలాయన ఒకడు నిలబడి "వేళయింది" అని గొణుగుతాడు. ఆ పిల్లాడు పెరిగి కత్తి పట్టుకునేదాకా మనం నాలుగొందల పేజీలు ఓపిక పట్టాలి, చివరికి ఆకాశం చెప్పిందే జరగాలి. కథ ఎటు పోవాలో రచయిత పైన రాసేసి, కింద పాత్రల చేత సంతకాలు పెట్టించుకుంటున్నాడన్నమాట.

అలాగని శకునాల కథలంటే నాకు పడదని కాదు. పిచ్చి. కాకపోతే నాకు నచ్చేవి వేరే రకం. పైన ఆకాశం ఏమీ మాట్లాడదు. కింద మనుషులే తలో మాటా అంటారు, వాళ్లలో వాళ్లు కొట్టుకుంటారు, ఎవరికి అనుకూలమైన అర్థాన్ని వాళ్లు మూట కట్టుకుని ఇంటికెళ్తారు. తప్పుగా చదవడానికి వీల్లేని శకునం కథలో ఉన్నా ఒకటే, రైల్వే టైంటేబుల్ ఉన్నా ఒకటే.

ఈ పనిని నేను చదివినంతలో జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ కంటే బాగా చేసినవాళ్లు లేరు. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' టీవీలో చూసినవాళ్లకి రెండో సీజన్ మొదట్లో ఎర్ర తోకచుక్క గుర్తుండే ఉంటుంది. టీవీలో అది వచ్చి వెళ్లిపోయింది. 1998లో వచ్చిన 'ఎ క్లాష్ ఆఫ్ కింగ్స్' నవలలో మాత్రం ఆ చుక్క అంత తేలిగ్గా వదలదు. పగలు కూడా కనిపిస్తుంది. ఒక్కో అధ్యాయం ఒక్కో మనిషి కళ్లతో నడిచే పుస్తకం కాబట్టి, అధ్యాయం మారిన ప్రతిసారీ ఆ చుక్కకి కొత్త అర్థం పుడుతుంది.

రాజధానిలో కొత్త రాజు జాఫ్రీ పుట్టినరోజు. దేవుళ్లే మహారాజు గౌరవార్థం జెండా ఎత్తారని, జనం దానికి 'జాఫ్రీ తోకచుక్క' అని పేరు పెట్టారని ఒక రాజభటుడు కోటలో ఉన్న సాన్సా అనే అమ్మాయితో చెబుతాడు. అంతకుముందే జాఫ్రీ ఆ పిల్ల తండ్రి తల నరికించి ఉన్నాడు. పనివాళ్లు దాన్ని 'డ్రాగన్ తోక' అనుకోవడం ఆమె చెవిన పడింది కూడా. రాజు దగ్గర ఒక పేరు, వంటింట్లో ఇంకో పేరు. మనకి ఇది కొత్తేం కాదు. ఉగాది రోజు పార్టీ ఆఫీసుల్లో పంచాంగ శ్రవణాలు వరుసగా వినండి. అదే సంవత్సరం, అవే గ్రహాలు. ప్రతి ఆఫీసులోనూ రాజయోగం ఆ పార్టీ నాయకుడికే ఉంటుంది.

రివర్‌రన్ కోటలో ఇంకా రసవత్తరంగా ఉంటుంది. కోట వారసుడు ఎడ్‌మ్యూర్‌కి అది పొడవాటి తోక ఉన్న చేప. వాళ్ల వంశం గుర్తు చేప, రంగులు ఎరుపూ నీలమూ. నీలాకాశంలో ఎర్రచేప, ఇక గెలుపు మనదే అంటాడు. గ్రేట్‌జాన్ అనే ఉత్తరాది సామంతుడికి అది చంపబడ్డ సాన్సా తండ్రి నెడ్ స్టార్క్ తరఫున పాత దేవుళ్లు విప్పిన పగ జెండా. నెడ్ భార్య కేట్లిన్‌కి మాత్రం అందులో శత్రువుల ఎరుపే కనిపిస్తుంది. ఆమె చిన్నాన్న బ్రిండెన్ జీవితమంతా యుద్ధాల్లో గడిపినవాడు. అది మన ఎరుపూ కాదు, వాళ్ల ఎరుపూ కాదు, రక్తం అంటాడు. మన రక్తమా, వాళ్లదా అని ఆమె అడిగితే, ఒక్క పక్షానికే రక్తం కారిన యుద్ధం ఎప్పుడైనా చూశావా అని ఎదురు ప్రశ్న వేస్తాడు. ఈ పుస్తకంలో తోకచుక్క గురించి వచ్చే మాటల్లో నేను ఒప్పుకునేది ఇదొక్కటే. ఇందులో జోస్యం ఏమీ లేదు కాబట్టే ఒప్పుకుంటాను. యుద్ధం జరుగుతోంది, మనుషులు చస్తారు. అది చెప్పడానికి చుక్క అక్కర్లేదు.

ఇంకా ఉన్నారు. గెండ్రీ కమ్మరి దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు. వాడికది కొలిమిలోంచి అప్పుడే తీసిన, ఇంకా ఎర్రగా కాగుతున్న కత్తి. పక్కనే ఉన్న సాన్సా చెల్లెలు ఆర్యకి అది తండ్రి కత్తి, దాని మీద ఉన్నది ఆయన రక్తమే. ఓడల మీద దోచుకు బతికే ఐరన్ దీవుల పూజారికి అది సముద్రదేవుడి నిప్పు, ఇక తెరచాపలెత్తి బయల్దేరమని ఆజ్ఞ. మంచుగోడ దగ్గర కాపలా సిపాయిలు తమ ముసలి కమాండర్‌కి అడవిలో దారి చూపించడానికి దేవుళ్లు పంపిన కాగడా అని సగం వేళాకోళంగా అంటారు. ఈ వేళాకోళం నాకు ప్రాణం. శకునాన్ని చూసి జోకేసుకునే మనుషులు ఫాంటసీలో ఎంత తక్కువో గమనించారా? నిజజీవితంలో మొదట చేసే పని అదే.

ఇందులో ఏ ఒక్క అర్థమూ చుక్క గురించి మనకేమీ చెప్పదు. ప్రతి అర్థమూ చెప్పినవాడి గురించి బోలెడంత చెబుతుంది. గెండ్రీ ఏం పని చేసేవాడో, ఆర్య రాత్రుళ్లు ఏం కలలు కంటోందో, ఎడ్‌మ్యూర్ ఎంత అమాయకుడో ఒక్కో వాక్యంలో తేలిపోతుంది. దీనికి తోడు కథ చెప్పే పనిలో ఒక సౌకర్యం ఉంది. ఆ నవల పాత్రలు రెండు ఖండాల్లో, వేల మైళ్ల దూరాల్లో చెదిరి ఉంటారు. ఉత్తరాలు పక్షులు మోయాలి, కబురు వారాల తరబడి దారిలో ఉంటుంది. అంత చెల్లాచెదురుగా ఉన్న కథలో అందరూ ఒకే కాలంలో ఉన్నారని పాఠకుడికి తెలిసేదెలా? అందరూ తలెత్తి ఒకే చుక్కని చూస్తున్నారు. అంతకంటే చవకైన, అందమైన ఉపాయం నాకు తట్టదు.

ఇక్కడ మార్టిన్ అభిమానులు నన్ను ఆపుతారని తెలుసు. ఓల్డ్ నాన్ సంగతేమిటి అంటారు. కళ్లు సరిగా కనపడని ఆ ముసలావిడ తోకచుక్కని వాసన చూసి "డ్రాగన్లు" అంటుంది. ఈ వరసలో మొదటి నవల (1996) చివర డెనేరిస్ అనే రాకుమారి భర్త చితి దగ్గర ఎర్ర తోకచుక్క కనిపించిన రాత్రే డ్రాగన్ పిల్లలు పుట్టాయి. కాబట్టి ముసలావిడ చెప్పిందే నిజం, మిగిలినవాళ్లందరివీ పొరపాట్లు. సరే, ఒప్పుకుందాం. ఆ నిజం ఎవరికి ఉపయోగపడింది? నాన్ మాటని ఎవరూ పట్టించుకోలేదు. చుక్క తనకే దారి చూపిస్తోందని నమ్మిన డెనేరిస్ దాన్ని పట్టుకుని ఎడారిలోకి నడిచింది. ఆమెని నమ్మి వెంట వచ్చినవాళ్లు నీళ్లు లేక దారిలో రాలిపోయారు. డోత్రాకీ తెగ ముసలాళ్లు అది అపశకునమని ముందే గొణిగారు. డ్రాగన్ల విషయంలో ఆమె కరెక్టు, ఎడారి విషయంలో ముసలాళ్లు కరెక్టు. చుక్క మాత్రం ఒక్కటే.

చరిత్రలోనూ ఇలాగే జరిగింది. 1066 ఏప్రిల్లో హాలీ తోకచుక్క ఇంగ్లండ్ మీద కనిపించింది. హెరాల్డ్ రాజై అప్పటికి మూడు నెలలు. అక్టోబరు 14న హేస్టింగ్స్ దగ్గర నార్మండీ విలియం చేతిలో ఓడి చచ్చిపోయాడు. ఈ కథనే బొమ్మలుగా కుట్టిన, దాదాపు 70 మీటర్ల పొడవున్న బేయూ కుట్టుపని వస్త్రంలో జనం వేళ్లెత్తి ఆ చుక్కని చూపించుకుంటుంటారు, పక్కనే హెరాల్డ్ సింహాసనం మీద బెదురుగా ఉంటాడు. గెలిచినవాళ్ల కథ కాబట్టి చుక్క హెరాల్డ్‌కి కీడు అయింది. అయితే మధ్యలో ఒక చిన్న ముక్క ఉంది. సెప్టెంబరు 25న ఇదే హెరాల్డ్ స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్ దగ్గర నార్వే రాజు హార్డ్రాడాని చంపి పెద్ద గెలుపు గెలిచాడు. ఆ దాదాపు మూడు వారాల పాటు తోకచుక్క ఎవరి పక్షం? అప్పుడే ఎవరైనా వస్త్రం కుట్టి ముగించి ఉంటే, అదే చుక్క నార్వేవాళ్ల నెత్తిన పడేది. క్రీ.పూ. 44లో సీజర్ హత్య తర్వాత కనిపించిన తోకచుక్కని ఆక్టేవియన్ తన పెంపుడు తండ్రి దేవుడైపోయాడనడానికి రుజువుగా వాడుకున్నాడు, నాణేల మీద కూడా ముద్రించుకున్నాడు. మనకి బ్రహ్మంగారున్నారు. కడప జిల్లా మఠంలోని ఆ మహానుభావుడి తప్పేమీ లేదు గానీ, ఏది జరిగినా సాయంత్రానికల్లా "బ్రహ్మంగారు అప్పుడే చెప్పారు" అనేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. జరగకముందు చెప్పినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి.

టోల్కీన్ దగ్గరకి వచ్చేసరికి నా వాదన నిలబడదేమో అనిపిస్తుంది. ఆయన లోకంలో నక్షత్రాలు అబద్ధాలాడవు, అక్కడి చరిత్ర మొత్తం దైవసంకల్పం. అయినా 'సిల్మరిలియన్'లో ఎరెండిల్ అనే నావికుడి పడవ చుక్కలా మెరిసే మణితో మొదటిసారి ఆకాశంలోకి ఎక్కే ఘట్టం చదవండి. కింద మధ్యలోకపు జనం దాన్ని ఒక గుర్తుగా తీసుకుని 'గొప్ప ఆశ' అని అర్థం వచ్చేలా పేరు పెట్టుకుంటారు. ఫెయనోర్ కొడుకులు మేద్రోస్, మాగ్లోర్ మాత్రం చూడగానే గుర్తుపడతారు: అది మన నాన్న చేసిన మణి కదా! దాని కోసం వాళ్లు ఎన్ని హత్యలు చేశారో పాఠకుడికి తెలుసు. అందని చోటుకి వెళ్లింది, మంచిదే అంటాడు మాగ్లోర్. అదే చుక్కని చూసి శత్రువు మోర్గోత్‌కి అనుమానం వస్తుంది, కానీ తన మీదకి దండు వస్తుందని మాత్రం అనుకోడు. మూడు చూపులు. ఒకరికి ఆశ, ఒకరికి పోగొట్టుకున్న ఆస్తి, ఒకరికి కాస్త టెన్షన్. చుక్క ఏమిటో రచయితకి ఖచ్చితంగా తెలిసినా, చూసేవాళ్లకి చూసే స్వేచ్ఛ ఇచ్చాడు.

సి.ఎస్. లూయిస్ దగ్గర అలా కాదు. 'ప్రిన్స్ కాస్పియన్' (1951)లో గురువుగారు కుర్రాణ్ణి అర్ధరాత్రి కోట బురుజు మీదకి తీసుకెళ్లి రెండు గ్రహాల కలయిక చూపిస్తాడు. అది రాజ్యానికి మేలు. మేలే జరుగుతుంది. నా మొదటి పేరా ఫిర్యాదు అచ్చంగా ఇలాంటి వాటి మీదే. అయితే అదే లూయిస్ 'ది లాస్ట్ బ్యాటిల్' (1956)లో రూన్‌విట్ అనే సెంటార్‌ని (సగం మనిషి, సగం గుర్రం) తెచ్చాడు. ఆ లోకపు దేవుడి లాంటి సింహం అస్లాన్ వచ్చాడని రాజ్యమంతా పుకారు. నక్షత్రాల్లో అలాంటిదేమీ లేదు, ఉన్నదంతా కీడే, ఈ పుకారు అబద్ధం అని అతను రాజుకి మొహం మీదే చెబుతాడు. నక్షత్రాలు నిజమే చెప్పాయి. కానీ రాజుకి ఆ పుకారు నిజమవ్వాలని ఉంది. ఈ కోరిక దగ్గర కథ ఒక్కసారి పైకి లేస్తుంది. 'హ్యారీ పాటర్' మొదటి పుస్తకంలో రౌలింగ్ సెంటార్లు ఇంకో తమాషా. అడవిలో ఏం జరుగుతోందని హాగ్రిడ్ అడిగితే "ఈ రాత్రి కుజుడు బాగా వెలుగుతున్నాడు" అంటారు తప్ప ఇంకో ముక్క చెప్పరు. ఆయన విసుక్కుంటాడు, మనమూ విసుక్కుంటాం. ఐదో పుస్తకంలో ఫిరెంజ్ అనే సెంటార్ పాఠం చెబుతూ, తమవాళ్లు కూడా తప్పు చదవవచ్చని ఒప్పుకుంటాడు. మరో జోస్యం ఇద్దరు పిల్లలకి సరిపోతే, అందులో ఒకణ్ణి ఎంచుకున్నది ఆకాశం కాదు, విలన్.

ఇప్పుడు భారతం. (దాన్ని ఫాంటసీ అనడం లేదు, కొట్లాటకి రాకండి. ఫాంటసీ రాసేవాళ్లు ఇక్కడ నేర్చుకోవాల్సింది ఉందంటున్నాను.) భీష్మపర్వం మొదట్లో వ్యాసుడు ధృతరాష్ట్రుడి దగ్గరకొచ్చి ఉత్పాతాల చిట్టా విప్పుతాడు. ధూమకేతువు పుష్యమి నక్షత్రాన్ని కమ్ముకుంది. ఒకే నెలలో చంద్రుడికీ సూర్యుడికీ గ్రహణాలు, అవీ పదమూడు రోజుల తేడాలో. అరుంధతి వశిష్ఠుణ్ణి వెనక్కి నెట్టి ముందుకెళ్లింది. పెళ్లి పందిట్లో మిట్టమధ్యాహ్నం పంతులుగారు చెయ్యెత్తి చూపిస్తే "కనిపించింది" అని తలూపేస్తామే, ఆ అరుంధతే. కాపురాలకి ఆదర్శమైన చుక్క క్రమం తప్పిందంటే ఇక కింద ఏం మిగులుతుంది?

ఈ శకునాలకి రెండో అర్థం లేదు. వంశనాశనం, అంతే. అంటే నేను పెట్టిన పరీక్షలో భారతం ఫెయిల్ అవ్వాలి. అవ్వదు. ఎందుకంటే అర్థం ఒక్కటే అయినా దాన్ని విన్నవాళ్లు చేసిన పనులు ఒక్కటి కావు. తాను చూడలేని ఆకాశం గురించి అంతసేపు విని ఆ గుడ్డిరాజు ఏమన్నాడు? ఇదంతా ముందే రాసిపెట్టి ఉందనుకుంటాను, క్షత్రియులు యుద్ధంలో చస్తే వీరస్వర్గం దొరుకుతుంది కదా అన్నాడు. కొడుకుని ఆపే పని తప్పించుకోవడానికి ఆకాశం సాకు దొరికింది. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

దీని పక్కన ఉద్యోగపర్వంలో కర్ణుణ్ణి పెట్టండి. నువ్వు కుంతి కొడుకువి, పాండవుల వైపు వచ్చెయ్, రాజ్యం నీదే అని కృష్ణుడు రథమెక్కించుకుని చెబుతున్నాడు. కర్ణుడు వద్దంటాడు. ఆ తర్వాత తనే శకునాలు లెక్కపెడతాడు. శని రోహిణిని పీడిస్తున్నాడు, కుజుడు వక్రించాడు, ఉల్కలు పడుతున్నాయి. కల కూడా చెబుతాడు: ధర్మరాజు తమ్ముళ్లతో కలిసి వేయి స్తంభాల మేడ ఎక్కుతున్నాడట. తన పక్షం ఓడిపోతుందని, తను చస్తాడని ఇంత స్పష్టంగా చదివినవాడు ఆ కథలో ఇంకొకడు లేడు. చదివి, కృష్ణుణ్ణి కౌగిలించుకుని, దిగి దుర్యోధనుడి దగ్గరకే వెళ్లాడు. ధృతరాష్ట్రుడూ కర్ణుడూ ఇద్దరూ శకునాన్ని నమ్మారు, ఇద్దరూ యుద్ధానికే ఒప్పుకున్నారు. ఒకడికి నమ్మకం కప్పుకునే దుప్పటి, ఇంకొకడికి అది తెలిసి కట్టిన మూల్యం. ఇంత తేడా చూపించగలిగితే శకునానికి వంద అర్థాలు ఉండక్కర్లేదు, ఒక్కటి చాలు.

గ్రహణాన్ని ముందే లెక్కగట్టి తెలియనివాళ్లని బెదిరించే కథలు ఒక గుంపు ఉంది. 1504లో కొలంబస్ జమైకాలో నిజంగానే ఆ పని చేశాడు, తిండి ఇవ్వనన్న స్థానికుల మీద చంద్రగ్రహణాన్ని ప్రయోగించాడు. మార్క్ ట్వేన్ 1889 నవలలో కథానాయకుడు ఆర్థర్ రాజు కాలానికి వెళ్లి సూర్యగ్రహణంతో ప్రాణం దక్కించుకుంటాడు. ట్వేన్ తన హీరోని కూడా ఎగతాళి చేశాడు కాబట్టి మినహాయింపు ఇద్దాం. మిగతావి నాకు గిట్టవు. పంచాంగం మన జేబులో ఉంది, భయం వాళ్ల కళ్లలో ఉంది అనే గర్వం తప్ప వాటిలో ఏమీ లేదు. తరాల తరబడి ఆకాశం చూసుకుంటూ బతికినవాళ్లకి గ్రహణమంటే ఏమీ తెలియదనుకోవడం రాసినవాళ్ల ధీమా.

ఆకాశాన్ని కావాలని, తెలిసి తెలిసి కొత్తగా చదివినవాడు మనకొకడున్నాడు. 1910లో హాలీ తోకచుక్క మళ్లీ వచ్చింది. దాని తోకలో విషవాయువు ఉందని, భూమి అందులోంచి వెళ్తుందని ప్రపంచమంతా గోల. మాత్రలు అమ్ముకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఆ ఏడే గురజాడ 'ముత్యాల సరములు'లో భర్త చేత భార్యకి ఆ తోకచుక్కని చూపించాడు. జనం కీడు అంటున్న దాన్ని ఆయన భూమికి దూరపు చుట్టం అన్నాడు, దారిన పోతూ పలకరించి వెళ్తున్నాడన్నాడు. అక్కడితో ఆగకుండా సంఘసంస్కరణ ప్రయాణానికి పతాకగా దాన్ని ఎత్తిపట్టాడు. తోకచుక్క అంటే ఏమిటో గురజాడకి శాస్త్రం తెలుసు, దానికి ఏ అర్థమూ లేదని తెలుసు. తెలిసీ తనకి కావలసిన అర్థం ఇచ్చాడు. జాఫ్రీ కొలువులో భటుడు చేసిందీ పైకి చూస్తే ఇదే. ఒకడు ఉన్న అధికారానికి చుక్కని తగిలించాడు, ఒకడు ఇంకా రాని మార్పుకి తగిలించాడు. రెండూ ఒకటే కదా అంటే నేను ఒప్పుకోను. భటుడికి జీతం వస్తుంది. గురజాడకి తిట్లు వచ్చాయి.

మనవాళ్ల దగ్గర ఇంత సరుకు ఉండగా, ఫాంటసీ పేరుతో మన తెర మీద కనిపించేది ఎక్కువగా గ్రాఫిక్స్‌లో నల్లబడే సూర్యుడే. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన మీదుగా వెళ్లింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జాపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు ఆ కాస్త నిమిషాల కోసం పరికరాలు సర్దుకుని కూర్చున్నారు. చుట్టుపక్కల ఊళ్లలో జనం తలుపులు బిగించుకుని లోపల కూర్చున్నారు. కడుపుతో ఉన్న ఆడవాళ్లని కదలకుండా పడుకోబెట్టారు, బిడ్డకి గ్రహణం మొర్రి వస్తుందని. ఒక్క ఆకాశం కింద రెండు లోకాలు, మధ్యలో కొద్దిమైళ్లు. ఏ రచయితకైనా ఇంతకంటే ఏం కావాలి? మన సినిమాల్లో మాత్రం కెమెరా పైకే పోతుంది. సూర్యుడు నల్లబడతాడు, ఉరుము ఉరుముతుంది, హీరో పుడతాడు. పురుడు పోసిన మంత్రసాని ఏమనుకుందో ఒక్కరూ చూపించరు. ఆ రాత్రి అదే ఊళ్లో ఇంకో నలుగురు పిల్లలైనా పుట్టి ఉంటారు కదా, వాళ్ల సంగతేమిటి? నాకు ఆ నలుగురిలో ఒకరి కథ కావాలి.